1932 నాటి తనఖాకు విడుదల పత్రం లేదు: విశాఖ పాతపట్నం షాపు మీద లోను వస్తుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. విశాఖ పాతపట్నంలో, అంటే వన్ టౌన్ మెయిన్ రోడ్డులో మీ ముత్తాతగారి నాటి షాపు ఉంది. ఇనప్పెట్టెలో పాత దస్తావేజులు దొరికాయి. 1911 నాటి క్రయం ఒకటి, 1932లో పదిహేను వందల రూపాయలకు రాసిన తనఖా ఒకటి, ఇవి కాక మీ తాతగారి పేరున్న ఒక చిన్న కాగితం, అందులో “రూ. 0-5-4 వాటా” అని ఉంది. లోను కోసం వెళ్తే, తనఖా తీరినట్టు విడుదల పత్రం తెమ్మన్నారు బ్యాంకు లాయరుగారు. అప్పిచ్చిన వాళ్ళ కుటుంబం ఇప్పుడు ఎక్కడుందో మీకు తెలియదు. ఆ తనఖా ఇంకా బతికే ఉందా, వాళ్ళ వారసులు వచ్చి షాపు లాక్కోగలరా అని మీ టెన్షన్.

ముందు జవాబు చెప్పేస్తాను. మీరు రాసినట్టు అది స్వాధీనం లేని తనఖా (షాపు మీ వాళ్ళ చేతిలోనే ఉండి, అప్పుకు హామీగా మాత్రమే రాసినది) అయితే దాని పని ఎప్పుడో అయిపోయింది. దాని పేరు చెప్పి షాపును ఎవరూ వేలం వేయించలేరు. పైగా ఆ తనఖా అసలు కాగితం మీ పెట్టెలోనే ఉంది. బాకీ తీరిందనడానికి అది మంచి గుర్తు. విడుదల పత్రం లేకపోవడం ఆ కాలంలో లోపమే కాదు. కాకపోతే ఆ చిన్న కాగితం సంగతి వేరు, దాని దగ్గరికి చివర్న వస్తాను.

నేను లాయరుని కాను. పాతపట్నంలో దస్తావేజులు రాస్తూ మొదలుపెట్టి, తర్వాత అడ్వకేట్ల కోసం పాత లింకులు (ఆస్తి చేతులు మారుతూ వచ్చిన వరస దస్తావేజులు) చదివిపెట్టే పనిలో పడ్డాను. కురుపాం మార్కెట్, పాత పోస్టాఫీసు, కోట వీధి చుట్టుపక్కల షాపుల కాగితాలు చాలానే నా చేతుల మీదుగా వెళ్ళాయి. సంతకం పెట్టే ముందు మీ లాయరుతో మాట్లాడండి. అయితే ఆయనతో ఏం మాట్లాడాలో నేను చెప్పగలను.

ముందు కాగితం వెనక్కి తిప్పండి

అందరూ దస్తావేజు ముందు వైపే చదువుతారు. నేను వెనక వైపు నుంచి మొదలుపెడతాను. 1932 కాగితంలో లోపల ఎక్కడో ఒక వాక్యం ఉంటుంది చూడండి: “సొమ్ము చెల్లించినప్పుడెల్ల యీ దస్తావేజు వెనుక చెల్లు వేయించుకొనగలవాడను” అని, లేదా ఆ అర్థం వచ్చేట్టు. అప్పు తీసుకున్నాయన డబ్బు తీసుకెళ్తే, అప్పిచ్చిన షావుకారు పెట్టెలోంచి కాగితం తీసి, వెనకాల తేదీ వేసి, ముట్టిన సొమ్ము రాసి, చేవ్రాలు చేసేవాడు. అసలు, ఫాయిదా (వడ్డీ) మొత్తం తీరిన రోజున చివరి చెల్లు వేసి కాగితాన్నే తిరిగి ఇచ్చేసేవాడు. అంతటితో ఆ లావాదేవీ ముగిసినట్టు. మళ్ళీ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి విడుదల రాయించుకోవడం పెద్ద ఎస్టేటుల వాళ్ళు చేసే పని.

చట్టం కూడా దీన్ని ఒప్పుకుంది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌లో, తనఖా దస్తావేజు మీద సొమ్ము ముట్టినట్టు రాసే చెల్లుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని మినహాయింపు ఉంది. అందుకే ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్‌లో) తనఖా ఎక్కుతుంది, అది తీరిన సంగతి ఎక్కదు. బ్యాంకు లాయరుగారికి కనిపిస్తున్న ఖాళీ ఇదే. ఆయన తప్పేం లేదు. ఈ రోజుల లోన్లు చూసే కళ్ళతో పాత కాగితం చూస్తే అలాగే అనిపిస్తుంది.

ఇంకో మాట. బాకీ పత్రం బాకీదారు చేతిలోనే ఉంటే బాకీ తీరిందని కోర్టు అనుకోవచ్చు అని పాత సాక్ష్య చట్టం 114వ సెక్షన్ ఉదాహరణల్లోనే రాసి ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 119వ సెక్షన్. ఇది తిరుగులేని రుజువు కాదు, కోర్టు అలా ఊహించవచ్చు అంతే. అయినా మీ వైపు బలంగా పనికొస్తుంది. అందుకే నేను ప్రతి పాత కాగితానికీ అడిగే మొదటి ప్రశ్న “ఇందులో ఏముంది?” అని కాదు, “ఇది ఎవరింట్లో దొరికింది?” అని.

అయితే ఒకటి సరిచూసుకోండి. మీ దగ్గరున్నది అసలేనా, నకలా? అసలు దస్తావేజుకు స్టాంపు కాగితం, రాసిచ్చినాయన చేవ్రాలు లేదా నిశానీ, సాక్షుల సంతకాలు, వెనకాల రిజిస్ట్రారు ఎండార్స్‌మెంటు, వేలిముద్ర ఉంటాయి. నకలు అయితే అది ఎవరైనా తెచ్చుకోగలిగినది. అది మీ ఇంట్లో ఉన్నంత మాత్రాన బాకీ తీరినట్టు కాదు.

తనఖా వయసు కాదు, రకం చూడాలి

వందేళ్ళు కావొస్తోంది కదా, అదే పోయి ఉంటుందిలే అనుకునేవాళ్ళు చాలామంది. అలా అన్ని తనఖాలకూ కుదరదు.

స్వాధీనం లేని తనఖాలో షాపు మీ ముత్తాతగారి చేతిలోనే ఉంటుంది, అప్పుకు షాపు హామీ. గడువు దాటితే అప్పిచ్చినాయన దావా వేసి వేలం వేయించుకోవాలి. దానికి 12 ఏళ్ళే గడువు. 1908 లిమిటేషన్ చట్టంలోనూ (దావాలకు గడువులు పెట్టే చట్టం) అంతే, ఇప్పటి 1963 చట్టం 62వ ఆర్టికల్‌లోనూ అంతే. ఒకప్పుడు 60 ఏళ్ళన్న వాదన కూడా ఉండేది. మద్రాసు నుంచి వెళ్ళిన ఒక అప్పీలులో 1907లోనే ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో లండన్‌లోని చివరి అప్పీలు కోర్టు) మామూలు తనఖాకు 12 ఏళ్ళే అని తేల్చేసింది. మీ కాగితంలో మూడేళ్ళ గడువు ఉందన్నారు, అంటే 1935. అక్కణ్ణుంచి 12 వేస్తే 1947. మధ్యలో వేసిన చెల్లు గడువును మళ్ళీ మొదటికి తెస్తుంది కాబట్టి చివరి చెల్లు తేదీ నుంచి లెక్కపెట్టండి. ఎలా చూసినా దాటిపోయి చాలా ఏళ్ళయింది. బ్యాంకుల వాళ్ళు ఒకప్పుడు పదమూడేళ్ళ ఈసీ అడిగేవారే, ఆ అలవాటు ఈ 12 ఏళ్ళ లెక్కలోంచి వచ్చిందే.

స్వాధీన తనఖా మాత్రం వేరే కథ. అందులో షాపు అప్పిచ్చినాయన చేతికి వెళ్తుంది, వడ్డీకి బదులు అద్దె ఆయన అనుభవిస్తాడు. “వడ్డీకి బదులు అద్దె అనుభవించుకొనునట్లున్ను” లాంటి మాట కనిపిస్తే జాగ్రత్త పడండి. ఈ రకంలో అప్పు తీర్చి ఆస్తి వెనక్కి తీసుకునే హక్కు తనఖా రాసిన తేదీ నుంచి 30 ఏళ్ళకు పోదని 2014లో సుప్రీంకోర్టు సింగ్ రామ్, షియో రామ్ కేసులో చెప్పింది. సొమ్ము ముట్టాకే గడువు మొదలవుతుంది. అంటే ముత్తాతలు పెట్టిన స్వాధీన తనఖా మునిమనవల కాలంలో కూడా లేచి కూర్చోవచ్చు.

పూర్ణా మార్కెట్ దగ్గర ఒక కుటుంబం ఇలాగే ఇరుక్కుంది. తరతరాలుగా షాపు వాళ్ళదే, పన్ను వాళ్ళ పేరునే, కరెంటు మీటరు వాళ్ళ పేరునే. అమ్మబోతూ కాగితాలు నాకిచ్చారు. 1940ల నాటి ఒకే ఒక్క దస్తావేజు, దాన్నే వాళ్ళు “మా తాతగారు కొన్న కాగితం” అంటూ వచ్చారు. గొలుసుకట్టు రాత కాబట్టి ఎవరూ చదవలేదు. చదివితే అది స్వాధీన తనఖా. వాళ్ళు యజమానులు కారు, అప్పిచ్చిన వాళ్ళ వారసులు. చివరికి అసలు యజమాని మనవలను వెతికి పట్టుకుని, ఇంత అని మాట్లాడుకుని క్రయం రాయించుకున్నారు. తొందరగా మాట్లాడుకోబట్టి తక్కువలో తేలింది, కోర్టుకెక్కి ఉంటే ఈ పాటికి ఇంకా వాయిదాల్లోనే ఉండేది.

మూడో రకం మన ప్రాంతపు పాత కాగితాల్లో తగులుతూ ఉంటుంది: ముద్దతు క్రయం. పైకి అమ్మకంలా ఉంటుంది, ఇన్నేళ్ళలో సొమ్ము తిరిగి ఇస్తే ఆస్తి తిరిగి రాసివ్వాలన్న షరతు లోపల ఉంటుంది. 1929లో చేసిన సవరణ 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అప్పటి నుంచి ఆ షరతు అదే కాగితంలో ఉంటేనే తనఖా కింద లెక్క. షరతును వేరే కాగితం మీద రాసుకుంటే తనఖా కాదు. మీ 1911 క్రయంలో అలాంటి షరతు ఏదైనా దాక్కుని ఉందేమో చివరి పేరా వరకు చదివించండి. చాలామంది షెడ్యూలు (ఆస్తి వివరం) రాగానే ఆపేస్తారు.

అయితే ఇంకా చూడాల్సింది ఏమిటి

తనఖా వల్ల భయం లేదు గానీ, ఆ తనఖా మీద అప్పట్లోనే దావా పడి, డిక్రీ అయి, కోర్టు వేలంలో షాపు ఇంకొకరికి పోయి ఉంటే? అది చూడాలి. వేలం సర్టిఫికెట్ నకలును కోర్టువారు రిజిస్ట్రారు ఆఫీసుకు పంపుతారు, అది ఒకటో పుస్తకంలో (స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే రిజిస్టరులో) చేరుతుంది. కాబట్టి 1932 నుంచి కనీసం 1960 వరకు ఈసీ తీయించండి. ఆన్‌లైన్‌లో వచ్చేది 1983 నుంచే. అంతకు ముందుది ఆఫీసులో పాత ఇండెక్సులు తిరగేసి చేత్తో వెతకాల్సిందే. పాత వాల్యూములు ఏ ఆఫీసులో ఉన్నాయో ముందు జిల్లా రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కుని వెళ్ళండి, ఊరికే తిరగక్కర్లేదు.

వెతకడానికి మీకు కావాల్సిందంతా దస్తావేజు వెనకే ఉంది: ఒకటో పుస్తకం, ఫలానా వాల్యూము, ఫలానా పేజీలు, ఇంత నంబరు, ఏ సంవత్సరం. ఒకటో పుస్తకాన్ని ఎవరైనా రుసుము కట్టి చూడొచ్చు, నకలు అడగొచ్చు. మీరు వారసులని రుజువు చేసుకోనక్కర్లేదు. పాత ఇండెక్సుల్లో పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. గుమాస్తా ఆ రోజు ఎలా విన్నాడో అలా రాశాడు. ఒకే మనిషి ఒక ఏడాది ఇంటిపేరు కింద, ఇంకో ఏడాది సొంత పేరు కింద కనిపిస్తాడు. దొరకలేదని చెప్పగానే వచ్చేయకండి, అన్ని రకాల స్పెల్లింగులూ రాసిచ్చి మళ్ళీ వెతికించండి.

షాపుతో పాటు భీమిలిలో తోటో, విజయనగరం వైపు పొలమో కలిపి తనఖా పెట్టిన షావుకార్లు కూడా ఉన్నారు. ఆస్తిలో ఏ ముక్క ఎక్కడ ఉంటే అక్కడ రిజిస్టరు చేసుకునే వీలుండేది కాబట్టి అసలు నమోదు అక్కడ అయిపోయేది. ఇక్కడి ఆఫీసుకు మెమో ఒకటి వచ్చేది. మీ వాళ్ళకు బయట భూములు ఉండేవని ఇంట్లో ఎవరైనా అంటే ఆ ఆఫీసులో కూడా ఒకసారి చూడండి.

హద్దుల సంగతి కొంచెం ఓపిగ్గా చూడాలి. 1911 కాగితంలో సర్వే నంబరు ఉండకపోవచ్చు. చెక్కుబందీలో తూర్పు ఫలానా వారి కొట్టు, పడమర ఫలానా వారి పెరడు, దక్షిణం రాజవీధి, ఉత్తరం మునిసిపల్ కాలువ అని ఉంటుంది. ఆ పేర్లలో ఇప్పుడు ఎవరూ లేరు. ఆ తర్వాత వార్డులు మారాయి, డోరు నంబర్లు మారాయి, 1979లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. ఇదంతా ఒక తాడు మీదికి రావాలంటే టౌన్ సర్వే రిజిస్టరు నకలు తీసుకుని టీఎస్ నంబరు, బ్లాకు, వార్డు పట్టుకోవాలి, దాంతో పాటు పాత పన్ను రసీదుల్లోని డోరు నంబర్లను వరసగా పేర్చుకోవాలి. పక్క షాపుల వాళ్ళ దస్తావేజులు కూడా అడిగి చూడండి. వాళ్ళ పడమర హద్దులో మీ ముత్తాతగారి పేరుంటే అంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు. పన్ను రసీదు ఒక్కటే పట్టుకుని మాత్రం హక్కు ఉందనుకోకండి. పన్ను ఎవరు కట్టారో అదే చెబుతుంది, ఆస్తి ఎవరిదో చెప్పదు. పాతపట్నంలో గుడి, మసీదు, చర్చి భూములు కలగలిసి ఉంటాయి కాబట్టి 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితా) మీ టీఎస్ నంబరు ఉందేమో కూడా చూసేయండి. ఐదు నిమిషాల పని.

1942 దగ్గర కాగితాల్లో ఖాళీ కనిపిస్తే కంగారు పడొద్దు. ఆ ఏడాది ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక జనం ఊరు వదిలి పల్లెలకు పోయారు. పెట్టెలు ఎక్కడెక్కడికో తిరిగాయి, కొన్ని తిరిగి రాలేదు. అయితే మీ 1911 క్రయం అసలు కాగితమే మీ దగ్గరుందా అన్నది మాత్రం గట్టిగా అడుగుతున్నాను. నకలు మాత్రమే ఉంటే, అసలును ఎక్కడైనా కుదువ పెట్టారా అన్న ప్రశ్న బ్యాంకు వేస్తుంది, వేయాలి కూడా. కాగితాలు అప్పగించి తీసుకునే అప్పు ఆ రోజుల్లో ఈసీలోకి ఎక్కేది కాదు.

కాగితం నిజమైనదేనా

ఈ పరీక్షలు మీరే చేసుకోవచ్చు. స్టాంపు మీద ఏ రాజు బొమ్మ ఉందో చూడండి. విక్టోరియా 1901 వరకు, ఏడో ఎడ్వర్డ్ 1910 వరకు, ఐదో జార్జి 1936 వరకు. రాజు పోయాక కూడా పాత స్టాక్ కొన్నాళ్ళు వాడేవారు కాబట్టి కొత్త తేదీ మీద పాత రాజు ఉంటే ఫరవాలేదు. మీ 1932 కాగితం మీద ఆరో జార్జి ఉంటే మాత్రం లోను సంగతి తర్వాత, ముందు లాయరు దగ్గరికి పరిగెత్తండి. తెలుగు సంవత్సరం ఉంటే దాన్నీ కలిపి చూడండి. 1932 ఉగాది నుంచి 1933 ఉగాది దాకా ఆంగీరస. కాబట్టి 1933 ఫిబ్రవరి కాగితం మీద ఆంగీరస ఉంటే తప్పు కాదు. 60 ఏళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి ఒట్టి ఆంగీరస అనే ఉండి ఇంగ్లీషు తేదీ లేకపోతే అది 1872 కూడా కావచ్చు.

30 ఏళ్ళు దాటిన అసలు కాగితం, ఉండాల్సిన చోటి నుంచి వస్తే, అందులో సంతకాలు, రాత నిజమైనవేనని కోర్టు అనుకోవచ్చు. కాగితంలో రాసిన విషయమంతా నిజమని కాదు. ఈ తేడా చెప్పకుండా “ముప్పయ్యేళ్ళ కాగితం, తిరుగులేదు” అనేవాళ్ళ మాట నమ్మకండి.

దయచేసి లామినేషన్ చేయించకండి. సెలోటేపు వద్దు. సముద్రపు గాలికి పాత గుండుసూదులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి, వాటిని మెల్లగా తీసేయండి. స్కాన్ చేయించి, అసలు కాగితాలను మడతలు విప్పి మెత్తని నూలు గుడ్డలో పెట్టుకోండి.

బ్యాంకుకు ఏం చెప్పాలి

తనఖా అసలు కాగితం, వెనకాల చెల్లులు స్పష్టంగా కనబడేట్టు స్కాన్, 1932 నుంచి ఇప్పటిదాకా ఈసీ, గడువు దాటిపోయిందని మీ లాయరు ఒక పేజీ అభిప్రాయం, బ్యాంకు అడిగితే పేపర్లో ప్రకటన, మీ తరఫున ఇండెమ్నిటీ (నష్టం వస్తే మేం భరిస్తామన్న హామీ పత్రం). కురుపాం మార్కెట్ దగ్గర ఒక కిరాణా షాపుకు ఇవన్నీ ఇస్తే ఒప్పుకున్నారు. ఇంకో శాఖ వాళ్ళు అచ్చం ఇలాంటి కాగితాలకే ఒప్పుకోలేదు, ఆయన బ్యాంకు మార్చుకున్నారు. అప్పిచ్చిన వాళ్ళ వారసులను వెతికి విడుదల రాయించుకోమని కొందరు సలహా ఇస్తారు. స్వాధీనం లేని తనఖాకు నేను ఆ సలహా ఇవ్వను. ఎక్కడో ఉన్న పదిమందిని వెతికి, వాళ్ళకు లేని హక్కు ఉందేమో అన్న ఆలోచన మనమే పుట్టించడం ఎందుకు?

ఇక ఆ చిన్న కాగితం. రూ. 0-5-4 అంటే అయిదణాల నాలుగు పైసలు. అది సొమ్ము కాదు, వాటా. పాతకాలంలో మొత్తం ఆస్తిని ఒక రూపాయి అనుకుని, అంటే పదహారణాలు అనుకుని, వాటాలను అణాల్లో రాసేవారు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైసలు. పదహారణాలను మూడు భాగాలు చేస్తే సరిగ్గా అయిదణాల నాలుగు పైసలు. అంటే ఆ కాగితం రాసేనాటికి మీ తాతగారిది షాపులో మూడో వంతు మాత్రమే. మిగతా రెండు వంతులు బహుశా ఆయన అన్నదమ్ములవి.

నాకు ఆ తనఖా కన్నా ఇదే ఎక్కువ పని పెట్టేట్టు కనిపిస్తోంది. ఉమ్మడి వాటాదారుల్లో ఒకరు ఎన్నేళ్ళు షాపులో కూర్చున్నా, మిగతావాళ్ళను బయటికి నెట్టి నాదే అన్నట్టు స్పష్టంగా రుజువు కాకపోతే, అది అందరి తరఫున కూర్చున్నట్టే లెక్క. కాబట్టి 12 ఏళ్ళ లెక్క ఇక్కడ అంత తేలిగ్గా పనిచేయదు. ఆ రెండు వాటాలు మీ తాతగారికి ఎలా వచ్చాయో చూపే పారీఖత్తు (పంపకాల పత్రం) గానీ, హక్కు విడుదల గానీ, క్రయం గానీ ఉండాలి. రిజిస్టరు కాని పారీఖత్తు దొరికినా పారేయకండి. దాన్ని పట్టుకుని పంపకం అయిందని రుజువు చేయలేరు గానీ, స్టాంపు డ్యూటీ, పెనాల్టీ కట్టాక ఎవరు ఏ భాగంలో విడిగా ఉంటున్నారన్న లాంటి పక్క విషయాలకు కోర్టు చూడొచ్చు.

ఈసీ తీయించేటప్పుడు మీ తాతగారి అన్నదమ్ముల పేర్లతో కూడా వెతికించండి. వాళ్ళ పిల్లల్లో ఎవరైనా టచ్‌లో ఉంటే, లోను మాట ఎత్తకముందే ఒకసారి ఇంటికి వెళ్ళి ఆ పంపకం సంగతి అడగండి. పారీఖత్తు రెండో ప్రతి వాళ్ళింట్లో ఉండొచ్చు.

ఆ చిన్న కాగితం వెనక వైపు ఫోటో ఇక్కడ పెట్టండి, పేర్లు కప్పేసి. నంబరు, సంవత్సరం కనబడితే చాలు, ఏ వాల్యూములో వెతకాలో చెబుతాను.